విదేశంలో స్థానిక భాష నేర్చుకోవడం ఎలా: బయలుదేరే ముందు నుంచి అక్కడ కుదురుకునే వరకు

ఉద్యోగానికో, చదువుకో, జీవిత భాగస్వామి దగ్గరికో, కొన్ని వారాల పర్యటనకో ఇంగ్లిష్ అంతగా నడవని దేశానికి వెళ్లబోయే వారు ప్రధానంగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు నేర్చుకుంటే సరిపోతుంది? ఈ మార్గదర్శి ఆ రెండింటికీ వరుసక్రమంలో జవాబు చెబుతుంది. పద్ధతి ఏ భాషకైనా ఒకటే. ఉదాహరణలను మాత్రం జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, జపనీస్, కొరియన్, చైనీస్, అరబిక్ వంటి భాషల నుంచి తీసుకున్నాను.

అసలు విషయం ముందే చెప్పాలి. చాలామంది తాము అడగవలసిన వాక్యాలను బట్టీపట్టి వెళతారు, అక్కడ వాటిని చక్కగానే అడుగుతారు, కానీ ఎదుటివారు ఇచ్చే జవాబు అర్థం కాక అక్కడే ఆగిపోతారు. కాబట్టి కింద చెప్పిన ప్రతి అంచెలోనూ వినడానికి, రాబోయే జవాబుకు సిద్ధపడడానికి పెద్దపీట వేశాను.

1. అవసరాన్ని, గడువును రాసుకోండి

"భాష నేర్చుకోవాలి" అన్నది కోరికే తప్ప లక్ష్యం కాదు. అక్కడికి వెళ్లాక మొదటి నెలలో మీరు స్వయంగా మాట్లాడక తప్పని పది సందర్భాలను రాయండి. ఇంటి యజమానితో మాట్లాడడం, డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోవడం, రైలు టికెట్ కొనడం, పిల్లల టీచరును కలవడం వంటివి అందులో ఉంటాయి. మీ పాఠ్యప్రణాళిక ఆ జాబితాయే.

తర్వాత స్థాయిని నిర్ణయించుకోండి. ఐరోపా భాషలకు ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు స్థాయిలున్నాయి. స్థూలంగా చెప్పాలంటే, ఏ1లో ఎదుటివారు నిదానంగా మాట్లాడితే చిన్నచిన్న పనులు చక్కబెట్టుకోగలరు, ఏ2లో రోజువారీ వ్యవహారాలు నడుపుకోగలరు, బీ1లో అనుకోని సమస్య వచ్చినా మాట్లాడి గట్టెక్కగలరు, బీ2లో సహోద్యోగులతో పెద్దగా తడబడకుండా సంభాషించగలరు. జపనీస్‌కు జేఎల్‌పీటీ పరీక్షలో ఎన్5 నుంచి ఎన్1 వరకు ఐదు స్థాయిలుంటాయి. అంకె తగ్గేకొద్దీ కష్టం పెరుగుతుంది. కొరియన్‌కు నిర్వహించే టోపిక్‌లో వరుస దీనికి విరుద్ధం. అక్కడ 1 తేలిక, 6 కష్టం.

నా అభిప్రాయంలో, కొద్ది వారాల పర్యటనకు ఏ1లో సగం చాలు. ఉండడానికి వెళ్లేవారు బయలుదేరే నాటికి ఏ1 పూర్తిచేసి ఏ2లో ఉండాలి. బీ1ను మొదటి ఏడాది లక్ష్యంగా పెట్టుకోవాలి.

సమయం విషయంలో ఎవరినీ మభ్యపెట్టదలచుకోలేదు. అమెరికా విదేశాంగ శాఖకు చెందిన ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం, ఇంగ్లిష్ మాతృభాషగా గలవారు ఉద్యోగ అవసరాలకు సరిపడే స్థాయికి చేరడానికి స్పానిష్, ఫ్రెంచ్ వంటి భాషలకు సుమారు 600 నుంచి 750 తరగతి గంటలు, అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్ భాషలకు సుమారు 2,200 గంటలు పడతాయి. తెలుగువారికి ఈ లెక్కలు యథాతథంగా వర్తించవు. జపనీస్, కొరియన్ వాక్య నిర్మాణం మనకు చాలా దగ్గర. ఆ సంగతి 8వ భాగంలో వివరించాను. అయినా రోజుకు గంట చొప్పున చదివితే ఏడాదికి 365 గంటలే అవుతాయన్న వాస్తవాన్ని దృష్టిలో పెట్టుకుని గడువు నిర్ణయించుకోండి.

బయలుదేరే ముందు సరిచూసుకోవలసినవి:
- వీసాకు గాని, ఉద్యోగానికి గాని భాషా ధ్రువపత్రం అవసరమా? ఉదాహరణకు జర్మనీకి భార్య లేదా భర్త దగ్గరికి వెళ్లే వీసాకు సాధారణంగా ఏ1, ఆ దేశ పౌరసత్వానికి బీ1 అడుగుతారు.
- ఏ సంస్థ ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది? ఈ సంగతి ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లోనే చూడండి.
- పరీక్ష తేదీ ఖాళీ ఉందా? తేదీ దొరికాకే చదువు ప్రణాళిక వేసుకోండి.

2. ఆ ఊరిలో నిజంగా మాట్లాడేది ఏ భాషో తెలుసుకోండి

దేశం పేరు చూసి భాషను ఎంచుకోవడం ప్రమాదకరం. బెల్జియం ఉత్తర భాగంలో డచ్, దక్షిణ భాగంలో ఫ్రెంచ్ నడుస్తాయి. హాంకాంగ్‌లో ఇంటా బయటా వినిపించేది కాంటొనీస్. స్విట్జర్లాండ్‌లోని జర్మన్ ప్రాంతాల్లో రాసేది ప్రామాణిక జర్మన్ అయినా, జనం మాట్లాడుకునేది స్విస్ జర్మన్.

అరబిక్ విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. వార్తల్లో, పుస్తకాల్లో ఉండే ప్రామాణిక అరబిక్ ఒకటైతే, ఈజిప్టులో, గల్ఫ్ దేశాల్లో, లెబనాన్‌లో వీధిలో వినిపించేవి వేరువేరు. ఆరు నెలలు ప్రామాణిక అరబిక్ మాత్రమే చదివి వెళ్లిన వ్యక్తి బోర్డులు చదవగలడు గాని ట్యాక్సీ డ్రైవరు మాటలు అందుకోలేడు. అక్కడ ఉండబోయేవారు లిపిని, మౌలిక వ్యాకరణాన్ని ప్రామాణిక రూపంలో నేర్చుకుంటూనే, మాట్లాడడం మాత్రం మొదటి రోజు నుంచి ఆ ప్రాంతపు మాండలికంలోనే సాధన చేయాలి.

ఆ ఊరిలో ఇప్పటికే ఉంటున్న ఒకరిని "మందుల షాపులో, బస్సులో ఏ భాష వినిపిస్తుంది?" అని అడగండి. ట్యూటరును ఎంచుకునేటప్పుడు కూడా ఆ ప్రాంతం వారికే ప్రాధాన్యం ఇవ్వండి.

3. మొదటి రెండు మూడు వారాలు: లిపి, ధ్వనులు

పదాల జోలికి వెళ్లకముందే లిపి, ఉచ్చారణ పూర్తిచేయాలి. మొదట్లో తప్పుగా అలవాటైన ఉచ్చారణను తర్వాత మార్చుకోవడం చాలా కష్టం.

లిపి చూసి భయపడకండి. కొరియన్‌లో మౌలిక అక్షరాలు 24, అరబిక్‌లో 28, రష్యన్‌లో 33. జపనీస్‌లో హిరగానా, కటకానా రెండింటిలోనూ ఇప్పుడు వాడుకలో ఉన్న మౌలిక అక్షరాలు 46 చొప్పున ఉంటాయి. గుణింతాలు, వత్తులు నేర్చుకున్న మనకు ఇవి పెద్ద పని కాదు. కంజీ (జపనీస్‌లో వాడే చైనీస్ అక్షరాలు), చైనీస్ అక్షరాలు మాత్రం వేరే కథ. వాటిని ప్రత్యేక పాఠంగా పెట్టుకోకుండా, మీరు నేర్చుకుంటున్న పదాలతో పాటే కొద్దికొద్దిగా నేర్చుకోవాలి.

ఉచ్చారణలో తెలుగువారికి ఉన్న వెసులుబాట్లు ఇవి:
- ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్ భాషల్లో 'టీ', 'డీ' అక్షరాలతో రాసే ధ్వనులు మన త, ద లకు దగ్గర. ఇంగ్లిష్ అలవాటుతో ట, డ అని పలకకండి.
- జర్మన్ 'జెడ్' అక్షరం ధ్వని 'చలి', 'చాప' మాటల్లో మనం పలికే దంత్య చకారం లాంటిదే. జపనీస్ 'త్సు'కు కూడా అదే ఆధారం.
- జపనీస్‌లో హ్రస్వ దీర్ఘాల తేడాతో అర్థం మారిపోతుంది. ఒబసన్ అంటే పిన్ని లేదా అత్త, ఒబాసన్ అంటే నాయనమ్మ లేదా అమ్మమ్మ. చాలా భాషలవారికి కష్టమైన ఈ తేడా మనకు పుట్టుకతో వచ్చింది.
- చైనీస్ పిన్‌యిన్‌లో, అంటే చైనీస్‌ను ఇంగ్లిష్ అక్షరాలతో రాసే పద్ధతిలో, 'బీ' అక్షరంతో రాసేది మన 'ప'కు దగ్గరి ధ్వని, 'పీ' అక్షరంతో రాసేది ఊపిరి గట్టిగా వదిలి పలికే మహాప్రాణం.

జాగ్రత్త పడవలసినవీ ఉన్నాయి. బస్సు, రోడ్డు, కారు అన్నట్టు హల్లుతో ముగిసే ప్రతి పదానికీ చివర ఉకారం చేర్చే అలవాటు మనకుంది. జర్మన్‌లో గాని, అరబిక్‌లో గాని అది పదాన్నే గుర్తుపట్టలేకుండా చేయవచ్చు. చైనీస్‌లో నాలుగు స్వరాలు (పదం పలికేటప్పుడు గొంతు ఎత్తు మారే తీరులు, ఇంగ్లిష్‌లో టోన్లు), వాటికి తోడు ఒక తేలికపాటి స్వరం ఉన్నాయి. థాయ్‌లో ఐదు స్వరాలు, ఉత్తర వియత్నాం ఉచ్చారణలో ఆరు ఉన్నాయి. ఈ భాషల్లో పదాన్ని స్వరంతో కలిపే నేర్చుకోవాలి. స్వరాన్ని తర్వాత చూసుకుందామనుకుంటే ఆ పదాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది.

సాధన ఇలా చేయండి. స్థానికులు మాట్లాడిన పది సెకన్ల ఆడియో తీసుకుని రెండుసార్లు వినండి, మూడోసారి వారితో పాటే పలకండి, ఆపై మీ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి అసలు ఆడియో పక్కన పెట్టి వినండి. తేడా ఎక్కడుందో మీ చెవికే తెలుస్తుంది. విదేశీ పదాలను తెలుగు లిపిలో రాసుకోవడం మొదటి వారానికే పరిమితం చేయండి. ఫ్రెంచ్ అనునాసికాలకు, జర్మన్‌లో పెదవులు గుండ్రంగా చుట్టి పలికే అచ్చులకు మన లిపిలో సరైన గుర్తులు లేవు. రాసిందే చదువుతూ పోతే ఆ ధ్వని మీకు ఎప్పటికీ పట్టుబడదు.

4. ఆదుకునే వాక్యాలను ముందుగా నేర్చుకోండి

సంభాషణ తెగిపోకుండా కాపాడే వాక్యాలు కొన్ని ఉంటాయి. పలకరింపుల తర్వాత వెంటనే నేర్చుకోవలసినవి ఇవే. నిద్రలో లేపి అడిగినా నోటికి రావాలి.

- నేను ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.
- కొంచెం నిదానంగా చెప్పండి.
- ఇంకోసారి చెప్పండి.
- దయచేసి రాసి చూపించండి.
- దీన్ని మీ భాషలో ఏమంటారు?
- నాకు ఇంతవరకే అర్థమైంది, తర్వాతిది అర్థం కాలేదు.
- అంటే, నేను రేపు ఉదయం రావాలా?
- దయచేసి మీ భాషలోనే మాట్లాడండి.

చివరి మూడూ మిగతా వాటికన్నా విలువైనవి. "అర్థం కాలేదు" అని మాత్రమే అంటే ఎదుటివారు మొత్తం మళ్లీ చెబుతారు, లేదా ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. ఎక్కడి వరకు అర్థమైందో చెబితే మిగిలిన ముక్కను మాత్రమే వివరిస్తారు. విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి అడిగి రూఢి చేసుకుంటే తేదీలు, చిరునామాలు తారుమారు కావు.

ఈ వాక్యాలను గౌరవ రూపంలోనే నేర్చుకోండి. జర్మన్, ఫ్రెంచ్, రష్యన్ భాషల్లో మన 'మీరు', 'నువ్వు' లాంటి భేదమే ఉంది. ముందు 'మీరు' రూపం పట్టుబడితే చాలు. 'నువ్వు' అనమని వాళ్లే చెప్పినప్పుడు మారవచ్చు. జపనీస్‌లోనూ 'దెస్', 'మస్' తో ముగిసే మర్యాద రూపంతోనే మొదలుపెట్టండి.

5. అంకెలు, సమయం, తేదీ

పాఠ్యపుస్తకాలు అంకెలను ఒక్క పేజీలో ముగిస్తాయి. నిజజీవితంలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. డబ్బు, ప్లాట్‌ఫాం, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, అపాయింట్‌మెంట్ సమయం అన్నీ అంకెలే కదా.

జర్మన్, డచ్, అరబిక్ భాషల్లో 21ని 'ఒకటీ ఇరవై' అన్న వరుసలో చెబుతారు. ఫోన్ నంబరు రెండేసి అంకెలుగా చెబుతుంటే కొత్తవారు తిరగేసి రాసుకుంటారు. ఫ్రాన్స్‌లో 70 అంటే 'అరవై పది', 80 అంటే 'నాలుగు ఇరవైలు', 97 అంటే 'నాలుగు ఇరవైల పదిహేడు'. స్విట్జర్లాండ్, బెల్జియంలలో మాట్లాడే ఫ్రెంచ్‌లో 70కి, 90కి విడి పదాలున్నాయి. చైనీస్, జపనీస్, కొరియన్ భాషల్లో పెద్ద సంఖ్యలను పదివేల చొప్పున లెక్కిస్తారు. మన లక్ష వారికి పది పదివేలు, మన పది లక్షలు వారికి వంద పదివేలు.

సమయంలో ఒక చిక్కు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జర్మన్‌లో 'హల్ప్ ద్రై' అంటే పదాల ప్రకారం 'సగం మూడు', కానీ అర్థం రెండున్నర. మూడున్నర అనుకుని వెళితే అపాయింట్‌మెంట్ గంట క్రితమే అయిపోయి ఉంటుంది. అనుమానం వస్తే అంకెల్లో, అంటే 'పద్నాలుగు ముప్పై' అని 24 గంటల లెక్కలో తిరిగి అడగండి.

రాతలోనూ చూసుకోండి. జర్మనీ, స్పెయిన్ వంటి దేశాల్లో వేలకు చుక్క, దశాంశానికి కామా పెడతారు. 1.200 అని రాసి ఉంటే అది పన్నెండు వందలు.

సాధన: వేరెవరైనా చదివే అంకెలను, లేదా ఆడియోలో వచ్చే అంకెలను విని వెంటనే అంకెల్లో రాయాలి. మనసులో తెలుగులోకి గాని, ఇంగ్లిష్‌లోకి గాని మార్చుకోకూడదు. రోజుకు ఐదు నిమిషాల చొప్పున నెల రోజులు చేయండి.

6. ప్రశ్నతో పాటు వచ్చే జవాబులనూ నేర్చుకోండి

ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. మొదటి భాగంలో మీరు రాసుకున్న పది సందర్భాలను బయటికి తీయండి. ఒక్కోదానికి ఒక పేజీ కేటాయించండి. పైన మీరు అడగబోయే వాక్యం, కింద ఎదుటివారి నోటి నుంచి రాగల మాటలన్నీ రాయాలి.

టికెట్ కౌంటరు ఉదాహరణ చూద్దాం. మీ వాక్యం ఒక్కటే: "ఫలానా ఊరికి ఒక టికెట్ ఇవ్వండి."

వారు అడగగలిగేవి:
- ఒకవైపుకా, రానూపోనూ కలిపా?
- ఈరోజుకా, వేరే రోజుకా?
- త్వరగా వెళ్లే రైలా, తక్కువ ఖరీదుదా?
- రాయితీ కార్డు ఏదైనా ఉందా?
- సీటు రిజర్వ్ చేయమంటారా?
- కార్డుతో కడతారా, నగదు ఇస్తారా?

వారు చెప్పగలిగేవి:
- మధ్యలో ఒకచోట రైలు మారాలి.
- ఈ టికెట్ ఆ రైలుకు చెల్లదు.
- ప్లాట్‌ఫాం మారింది.
- ఇక్కడ ఇవ్వము, మెషిన్ దగ్గర తీసుకోండి.

ఇప్పుడు ఒక్కో జవాబులో చెవికి తగలవలసిన ఒకటి రెండు మాటల కింద గీత గీయండి. "రాయితీ కార్డు ఏదైనా ఉందా?" అన్న ప్రశ్న ఎంత వేగంగా వచ్చినా, 'రాయితీ' అన్న ఒక్క మాట చెవిన పడితే మీరు 'లేదు' అనగలరు. వాక్యం మొత్తం అర్థం కావాలనుకోవడం వల్లనే కొత్తవారు బిగుసుకుపోతారు.

ఈ జవాబులను మీరు ఊహించి అనువదించుకోవద్దు. అక్కడివారు నిజంగా వాడే మాటలు పుస్తకంలో ఉన్నట్టు ఉండవు. ట్యూటరుకు మీ జాబితా ఇచ్చి, సహజమైన వేగంతో ఒక్కో జవాబును రికార్డు చేసి ఇమ్మని అడగండి. తర్వాతి తరగతిలో వాటిని వరుస మార్చి అడగమనండి. మూడోసారి, జాబితాలో లేని జవాబు ఒకటి మధ్యలో వేయమనండి. 4వ భాగంలోని ఆదుకునే వాక్యాలు అప్పుడు పనికొస్తాయి.

ఫోన్ సంభాషణను చివరికి ఉంచండి. ముఖకవళికలు, చేతి సైగలు కనిపించవు కాబట్టి అది అన్నిటికన్నా కష్టం. ఎదురుగా మాట్లాడడం కుదిరాకే ఫోన్ సాధన మొదలుపెట్టండి. చేయబోయే ముందు పేరు అక్షరాలు విడివిడిగా చెప్పడం, పుట్టిన తేదీ, చిరునామా, సమస్యను ఒక వాక్యంలో చెప్పడం కాగితం మీద సిద్ధంగా పెట్టుకోండి. తెలుగు పేర్లు వారికి కొత్త కనుక ఇంటిపేరును అక్షరాలుగా విడదీసి చెప్పడం మీకు ఎక్కువసార్లు అవసరమవుతుంది.

7. రోజుకు గంట: ఎలా పంచుకోవాలి

వారాంతంలో ఏడు గంటలు కూర్చోవడం కన్నా రోజుకు గంట మేలు. నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే ఎక్కువగా చెరిగిపోతుంది కాబట్టి, మరిచిపోబోయే సమయానికి మళ్లీ గుర్తు చేసుకోవాలి.

- 15 నిమిషాలు: పాత కార్డుల (ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉండే ఫ్లాష్‌కార్డులు) పునశ్చరణ
- 20 నిమిషాలు: వినడం
- 15 నిమిషాలు: పైకి మాట్లాడడం
- 10 నిమిషాలు: ఆ రోజు గురించి నాలుగు వాక్యాలు రాయడం

కార్డులకు అంకీ యాప్ బాగుంటుంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. విడి పదం బదులు చిన్న వాక్యం రాయండి. జర్మన్, ఫ్రెంచ్ వంటి భాషల్లో నామవాచకాన్ని దాని లింగాన్ని సూచించే మాటతో కలిపే రాయండి. రోజుకు పది కొత్త కార్డులకు మించవద్దు. ఉత్సాహంతో ముప్పై చొప్పున చేర్చినవారికి నెల తిరిగేసరికి పునశ్చరణకే గంట పడుతుంది, ఆ భారంతో మొత్తం మానేస్తారు. నాలుగు రోజులు తప్పిపోతే కొత్త కార్డులు ఆపి, బకాయి తీరాకే మళ్లీ మొదలుపెట్టండి.

వినడానికి రెండు నిమిషాల ఆడియో చాలు. ముందు రాతప్రతి చూడకుండా, తర్వాత చూస్తూ, చివరికి మళ్లీ చూడకుండా వినండి. అదే ఆడియోను మూడు రోజులు వినాలి. ఇతర పనులు చేసుకుంటూ నేపథ్యంలో రేడియో పెట్టుకోవడం చెవికి అలవాటు చేస్తుందే గాని, మొదటి దశలో నేర్పేది తక్కువ.

8. వ్యాకరణాన్ని తెలుగు మీదుగా అర్థం చేసుకోండి

మన దగ్గర దొరికే పుస్తకాలు, యాప్‌లు చాలావరకు ఇంగ్లిష్‌లో వివరిస్తాయి. దాంతో తెలుగులో సూటిగా ఉన్న విషయం కూడా ఇంగ్లిష్ మీదుగా వంకరపోతుంది. కొత్త నియమం చూసినప్పుడల్లా "ఇది తెలుగులో ఎలా ఉంది?" అని ముందు చూడండి.

జపనీస్ వాక్యం ఒకటి చూడండి: "వతాషి వ అషితా దెన్‌ష దె కైష ని ఇకిమస్." మాటకు మాట పెడితే నేను, రేపు, రైలు-లో, ఆఫీసు-కు, వెళతాను. వరుస మారలేదు, 'లో', 'కు' ప్రత్యయాల చోటు కూడా మారలేదు. 'నిన్న కొన్న పుస్తకం' అనడానికి కూడా వారు 'నిన్న', 'కొన్న', 'పుస్తకం' అన్న వరుసలోనే చెబుతారు. కొరియన్, టర్కిష్ భాషల్లోనూ క్రియ చివరనే ఉంటుంది.

ఐరోపా భాషల్లో కూడా ఇలాంటి ఆధారాలున్నాయి. 'నాకు నచ్చింది' అన్న మన నిర్మాణమే స్పానిష్, ఇటాలియన్, రష్యన్ భాషల్లో ఉంది. 'నాకు చలిగా ఉంది' అని జర్మన్‌లో 'మీర్ ఇస్ట్ కాల్ట్' అంటారు. అందులో 'మీర్' అంటే 'నాకు'. ఇంగ్లిష్ మీదుగా వచ్చినవారు ఇక్కడ 'నేను' అని మొదలుపెట్టి తప్పుతారు. 'ఎందుకంటే' తర్వాత వచ్చే జర్మన్ ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది. అదీ మన వరుసే.

తెలుగు సాయపడని చోట్లూ ఉన్నాయి. నామవాచకానికి లింగం, నిశ్చయ అనిశ్చయ ఉపపదాలు (ఇంగ్లిష్ 'ద', 'ఎ' లాంటివి), జర్మన్ ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉండడం వంటివి నమూనా వాక్యాలతోనే అలవడతాయి. ఏ1 దశలో వర్తమానం, జరిగిపోయినది చెప్పే ఒక రూపం, 'కావాలి', 'చేయగలను', 'చేయాలి' అన్న మూడు భావాలు వస్తే చాలు. మిగతా కాలాలను తర్వాతికి వదిలేయండి.

9. అక్కడ దిగిన తర్వాత మొదటి మూడు నెలలు

మొదటి వారం: ఫోన్ భాషను, మ్యాప్ యాప్ భాషను మార్చండి. మీ వీధిలో, బస్ స్టాపులో, అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఉన్న రాతలను ఫోటో తీసి సాయంత్రం చదవండి. అవి రోజూ కళ్లబడతాయి కనుక వేరే పునశ్చరణ అక్కర్లేదు.

రెండో వారం నుంచి: రద్దీ లేని వేళల్లో ఒకే చోటికి, ఒకే మనిషి దగ్గరికి వెళ్లండి. రోజుకొక వాక్యం ఎక్కువ మాట్లాడండి. వెనుక పదిమంది క్యూలో నిలబడి ఉండగా సాధన చేస్తే మీకూ ఇబ్బంది, వారికీ ఇబ్బంది.

ఎదుటివారు ఇంగ్లిష్‌లోకి మారితే నొచ్చుకోవద్దు. చాలాసార్లు అది సాయపడాలన్న ఉద్దేశమే. చిరునవ్వుతో "మీ భాషలోనే మాట్లాడండి, నేర్చుకుంటున్నాను" అని మీరు స్థానిక భాషలోనే కొనసాగించండి. రెండోసారీ మారితే ఆ సంభాషణను వదిలేయండి.

రెండో నెల నుంచి: ఏదైనా పని చేసే బృందంలో చేరండి. ఆట, పాట, తోటపని, కుట్టుపని, ఏదైనా సరే. భాష నేర్చుకునేవారి కలయికల కన్నా ఇవే నాకు మేలనిపిస్తాయి. అక్కడ ఒకే రకమైన మాటలు వారం వారం తిరిగి వస్తాయి, చేతిలో పని ఉంటుంది కాబట్టి మౌనం కూడా ఇబ్బందిగా ఉండదు. తక్కువ రుసుముతో తరగతులు కావాలంటే జర్మనీలో 'ఫోల్క్స్‌హోఖ్‌షూలె' అనే వయోజన విద్యా కేంద్రాలున్నాయి. ఇతర దేశాల్లో మునిసిపల్ కార్యాలయంలో గాని, గ్రంథాలయంలో గాని అడగండి.

ఇంట్లో ఉండే జీవిత భాగస్వామి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉద్యోగం చేసేవారే బయటి మాటలన్నీ మాట్లాడేస్తే రెండోవారు ఏళ్ల తరబడి ఆ దేశంలో ఉన్నా నాలుగు గోడల మధ్యే ఉండిపోతారు. ఒంట్లో బాగాలేని రోజున డాక్టరుకు తన బాధ తాను చెప్పుకోలేని స్థితి ఎవరికీ రాకూడదు. వారానికి రెండు బయటి పనులు పూర్తిగా వారికే అప్పగించండి. పక్కన నిలబడినా మధ్యలో అందుకుని మాట్లాడవద్దు. పిల్లలకు భాష త్వరగా వస్తుంది గాని, వైద్యం, ఇంటి ఒప్పందం వంటి విషయాల్లో వారిని దుబాసీలుగా నిలబెట్టకండి.

10. వచ్చిన భాష సరిపోని చోట

ఒప్పందాలు, ఆపరేషన్ అంగీకార పత్రాలు, పోలీసు వాంగ్మూలం వంటి వాటిలో కొద్దిపాటి భాషను నమ్ముకోవద్దు. దుబాసీని అడగండి. అర్థం కాని కాగితం మీద సంతకం చేయకండి.

పర్సులో ఉండవలసిన కార్డు మీద స్థానిక భాషలో ఇవి రాయించండి:
- పేరు, బ్లడ్ గ్రూపు, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు
- పడని మందులు, పడని ఆహారం
- వాడుతున్న మందుల అసలు పేర్లు, మోతాదు. కంపెనీ పేరు దేశం మారితే పనికిరాదు. పారాసిటమాల్‌ను అమెరికాలో, జపాన్‌లో ఎసిటమినోఫెన్ అంటారు.
- అత్యవసర సేవల నంబరు. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలో అది 112.

అనువాద యాప్‌లో ఆ దేశ భాషను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. తెలుగులో టైప్ చేసేటప్పుడు కర్తను వదలకండి. "రేపు వస్తారు" అని రాస్తే మీరా, ఆయనా, వాళ్లా అన్నది యాప్‌కు తెలియదు. వచ్చిన అనువాదాన్ని తిరిగి తెలుగులోకి మార్చి చూశాకే ఎదుటివారికి చూపించండి.

11. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

యాప్‌లో రోజుల లెక్క పెరుగుతుంది గాని నోరు పెగలదు. యాప్‌ను పది నిమిషాలకు తగ్గించి, మిగిలిన సమయంలో మనిషితో మాట్లాడండి. వారానికి రెండుసార్లు అరగంట చొప్పున ట్యూటరుతో మాట్లాడినా తేడా కనిపిస్తుంది.

ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో సినిమాలు చూస్తే చదవడమే జరుగుతుంది. మూడు నిమిషాల దృశ్యాన్ని ఆ భాష సబ్‌టైటిళ్లతో చూడండి.

వాక్యం పూర్తిగా సరిగ్గా కుదిరాకే నోరు తెరవాలనుకుంటే సంభాషణ దాటిపోతుంది. ముఖ్యమైన మాటను ముందు చెప్పేయండి. "రేపు, రాలేను, జ్వరం" అన్నా విషయం చేరుతుంది. సరైన వాక్యాన్ని ఇంటికెళ్లి డైరీలో రాసుకుని, మర్నాటి కార్డుల్లో చేర్చండి.

సరిహద్దు దేశం భాష కూడా పనికొస్తుందని రెండు భాషలు ఒకేసారి మొదలుపెట్టడం వల్ల రెండూ కలగాపులగమవుతాయి. ఒకటి బీ1 దాటాకే రెండోది.

బీ1 దగ్గర చాలామంది ఆగిపోతారు. పనులన్నీ జరిగిపోతుంటాయి కనుక తెలిసిన రెండు మూడు వందల వాక్యాలతోనే ఏళ్లు గడిచిపోతాయి. అక్కడి నుంచి కదలడానికి నెలకొకసారి ఏదైనా ఒక విషయం మీద మూడు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి, మాట్లాడింది ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి, ట్యూటరుతో దిద్దించుకుని అదే విషయం మీద మళ్లీ మాట్లాడండి. మీరు పదేపదే చేసే ఐదారు తప్పులు, పదేపదే వాడే నాలుగు మాటలు ఆ కాగితంలో బయటపడతాయి. తర్వాతి నెల మొత్తం వాటి మీదే పనిచేయండి.